ఐదు మెత్తని తూటాలు

డెన్నీ ఓబర్‌హోల్ట్ మంగళవారం ఉదయం పదిన్నరకి, బట్టలుతికే దుకాణం వెనక, తన కారుకి నాలుగడుగుల దూరంలో హత్యకి గురయ్యాడు. అతని చేతిలో రివాల్వర్ ఉంది. అది రెండుసార్లు పేలింది, మూడోసారి పేలలేదు. 'ఏజెంటు తడబడ్డాడు' అని గూఢచారి ఆఫీసు రిపోర్టు ఒక్క ముక్కలో తేల్చేసింది. పదహారేళ్ళు డెన్నీ పక్కసీట్లో కూర్చున్న రాయిస్ టాకెట్ ఆ ముక్క చదివి, కాగితాన్ని బల్ల మీద బోర్లా పెట్టాడు. డెన్నీ రెండు పెళ్ళిళ్ళ విషయంలో తప్ప జీవితంలో ఎక్కడా తడబడలేదు.

ఆ మధ్యాహ్నమే రాయిస్ ఆ రివాల్వర్‌ని వర్జిల్ స్టోల్ట్స్ దగ్గరికి పట్టుకెళ్ళాడు. ఊళ్ళోవాళ్ళకి వర్జిల్ జింకల వేటగాళ్ళకి సామాను అమ్మే ముసలాయన. ఆఫీసుకి మాత్రం ముప్పై ఏళ్ళుగా ఆయుధాలు చూసిపెట్టే మనిషి. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, రివాల్వర్‌ని దీపం కింద పెట్టి చాలాసేపు చూశాడు.

"దూదిపింజలా ఉందని మీవాళ్ళంతా దీనికోసం ఎగబడతారు. జేబులో వేసుకుంటే ఉన్నట్టే తెలీదు. ఇంత తేలికదాంట్లో అంత ఘాటు తూటాలు పోస్తే ఏమవుతుందిరా?"

"చెయ్యి అదురుతుంది."

"చెయ్యి సంగతి తర్వాత. ఇదిగో, ఇక్కడ చూడు."

మూడో తూటాలోని సీసపు గుండు ఇత్తడి గొట్టంలోంచి జారి, తూటాలు పెట్టే సిలిండర్ దాటి ముందుకి పొడుచుకొచ్చి ఉంది.

"రెండు పేలేసరికి ఆ కుదుపుకి మిగతావాటి గుండ్లు ఊడి ముందుకి జరిగాయి. ఇక సిలిండర్ తిరగదు. ట్రిగ్గర్ నువ్వు లాగినా రాదు, దేశాధ్యక్షుడు లాగినా రాదు. డెన్నీ తడబడలేదు. తుపాకీ బిగుసుకుపోయింది."

రాయిస్ వర్జిల్ పోసిచ్చిన కాఫీ చల్లారేదాకా చేతిలో పట్టుకుని కూర్చుని, అలాగే బల్ల మీద పెట్టేసి వచ్చేశాడు.

బుధవారం బాస్ హేవర్‌క్యాంప్ పిలిచాడు. ఓదార్చడానికి అరనిమిషం కేటాయించి, వెంటనే పనిలోకి దిగాడు.

"డెన్నీ దగ్గరున్న మైక్రోఫిల్ము పోయింది. కొత్త రాడార్ బొమ్మలు. ఇది ప్రాగ్ గూఢచారుల ముఠా పని. చంపినవాడు ఆదివారం ఉదయం తొమ్మిదికి ఎల్డర్స్ ఫోర్డ్ ఊరి అగ్నిమాపక కేంద్రానికి, ఆ ఫైర్ హాల్‌కి వస్తాడు."

"ఆదివారం అక్కడ చందాల కోసం పాన్‌కేక్ బ్రేక్‌ఫాస్ట్ పెడతారు కదా సార్. ఊరంతా ఉంటారు."

"అందుకే అక్కడ. పదింటికి పొలాలకి మందు చల్లే విమానం ఒకటి కెనడాకి ఎగురుతుంది. ఫిల్ముని దాంట్లోకి చేర్చాల్సింది మన వడ్రంగిపిట్ట."

వడ్రంగిపిట్ట అసలు పేరు మిలాడా పోకోర్నా. పెద్ద బజారులో సెంట్లు అమ్ముతుంది. ఆమె వంగి సీసా మూత తీస్తుంటే, భార్యల పక్కన నిలబడ్డ భర్తలు తాము ఏం కొనడానికి వచ్చారో మర్చిపోయేవారు. ముఠా ఆమెని తమ మనిషే అనుకుంటోంది. నాలుగేళ్ళుగా ఆమె ఇటు మనిషి. ఆ మారుపేరు పెట్టేనాటికి హేవర్‌క్యాంప్ ఆమెని చూడలేదు.

"ఫిల్ము చేతులు మారేదాకా వాణ్ణి ముట్టుకోవద్దు," అన్నాడు హేవర్‌క్యాంప్. "దాన్ని ఎక్కడ దాచాడో తెలీదు. ఈలోగా వాడికి అనుమానం వస్తే ఆవిడ తన ప్రాణం తనే కాపాడుకోవాలి. పర్సులో పట్టే రివాల్వర్ ఇవ్వు. అన్నిటికన్నా గట్టి తూటాలు వెయ్యి. ఒక్కదెబ్బకి పడాలి."

"ఐదూ పేలాలి సార్. నాకు అది ముఖ్యం."

"ఏవి వేస్తావు? కాగితం మీద కాల్చే ఆటబొమ్మలా?"

"అవే," అన్నాడు రాయిస్.

శనివారం మధ్యాహ్నం ఆమెని పాడుబడ్డ కంకర క్వారీకి తీసుకెళ్ళాడు. కారు బానెట్ మీద మూడు తూటాల పెట్టెలు వరసగా పెట్టి, ఇరవై అడుగుల దూరంలో ఒక చెక్కకి కాగితం ప్లేటు దిగ్గొట్టాడు. మిలాడా ఉన్ని కోటు వేసుకుని, పెళ్ళివిందుకి వచ్చినట్టు చేతిజోళ్ళతో నిలబడింది.

మొదటి పెట్టెలోవి హేవర్‌క్యాంప్ చెప్పినవి. ఆమె ఒక్కటి పేల్చింది. రివాల్వర్ నుదుటి దాకా ఎగిరింది. చిన్నప్పుడు విరిగి అతికిన మణికట్టుని రెండోచేత్తో పట్టుకుని, కన్నీళ్ళు కనిపించకుండా అటు తిరిగింది.

"ఇది నా వల్ల కాదండీ."

"ఎవరి వల్లా కాదు. మగాళ్ళు పైకి చెప్పరు, అంతే."

రెండో పెట్టెలో మొనకి గుంట ఉన్న గుండ్లు. పొడుగు తుపాకీ గొట్టంలోంచి వేగంగా వెళితే అవి ఒంట్లో పువ్వులా విచ్చుకుంటాయి. ఈ పొట్టి గొట్టంలో ఆ వేగం అందదు. ఎదుటివాడి మందపాటి కోటు గుడ్డ ఆ గుంటలో కూరుకుపోతే అసలే విచ్చుకోవు. దెబ్బ మాత్రం చేతికి బాగానే తగులుతుంది. రాయిస్ ఆ పెట్టెని తెరవకుండానే పక్కకి జరిపాడు.

మూడో పెట్టెలోవి మొండివి. వాటికి మొన అంటూ లేదు, మేకు తల కొట్టేసినట్టు చదునుగా ఉంటాయి. మందు తక్కువ. మిలాడా అనుమానంగానే పేల్చింది. ఆగింది. మళ్ళీ పేల్చింది. తర్వాత మూడు ఆగకుండా పేల్చింది. వెళ్ళి చూస్తే ప్లేటు మధ్యలో, అరచేయి కప్పేంత చోటులో, కత్తిరించినట్టు ఐదు గుండ్రటి రంధ్రాలు ఉన్నాయి. ఆమె చిన్నపిల్లలా నవ్వింది. డెన్నీ పోయాక రాయిస్‌కి మొదటిసారి మనసు కాస్త కుదుటపడింది.

"ఇవి ఎవరు వాడతారు?"

"పోటీల్లో కాల్చేవాళ్ళు. రంధ్రం శుభ్రంగా పడుతుంది. తీర్పు చెప్పడం తేలిక."

"అంటే మనుషుల కోసం చేసినవి కావు."

ఆమె చేతిజోళ్ళు తీసి కోటు జేబులో కుక్కింది.

"మీ ఆఫీసుకి తెలియని మాట ఒకటి చెప్తాను. రేపు వచ్చేవాడు నా తమ్ముడు. ఓటాకర్. వాడికి ఏడేళ్ళప్పుడు నాన్న పోయాడు. అమ్మ ఫ్యాక్టరీకి వెళితే అన్నం పెట్టి బడికి పంపింది నేనే. మీ స్నేహితుణ్ణి చంపింది కూడా వాడే. నాకు తెలుసు. దాని మీద నేనేం మాట్లాడను. కానీ వాణ్ణి చంపే వస్తువు నా చేతికి ఇవ్వకండి. వట్టి చేతులతోనే వెళ్తాను."

"వట్టి చేతులతో వెళితే మీరు తిరిగిరారు."

"రాను. సరే."

కంకర గుట్టల మీద కాకులు అరుస్తున్నాయి. మిలాడా మూడో పెట్టెలోంచి ఒక తూటా తీసి అరచేతిలో పెట్టుకుంది.

"ఇవి తగిలితే చచ్చిపోతారా? నిజం చెప్పండి."

నిజం రాయిస్‌కి తెలుసు. ఆ మొండి గుండు విచ్చుకోదు కాబట్టి ఎక్కడా ఆగదు, కోటుని, ఎముకని లెక్కచేయకుండా తిన్నగా లోతుకి పోతుంది. వర్జిల్ దుకాణంలో పొట్టి రివాల్వర్‌కి అంతకన్నా నమ్మకమైన తూటా లేదు. మెత్తదనమంతా పేల్చే చేతికే. ఈ మాట చెబితే ఆమె తుపాకీ అక్కడే వదిలేసి చావుకి ఎదురెళ్తుంది.

"పడిపోతాడు," అన్నాడు రాయిస్. "కాగితానికి కాల్చేవి కదా, లోతుకి పోవు. ఆసుపత్రిలో కుట్లు వేస్తారు."

ఆమె అతని చెయ్యి గట్టిగా పట్టుకుని వదిలింది. తూటాలు తనే ఒక్కొక్కటిగా నింపి, రివాల్వర్ కోటు జేబులో వేసుకుంది.

ఆదివారం తొమ్మిదింటికి ఫైర్ హాల్ కిటకిటలాడుతోంది. రాయిస్ అంటుడు మీసం, తలకి కాగితపు టోపీ, నడుముకి ఏప్రన్ పెట్టుకుని పెనం ముందు నిలబడ్డాడు. చెవిలో వినికిడి మిషన్ ఉంది. దానికి మాటలు చేరవేసే మైకు మిలాడా పర్సు కొక్కెంలో ఉంది. అతను పోసే పాన్‌కేక్‌లు ఒక్కటీ గుండ్రంగా రావడం లేదు.

"ఏం బాబూ, ఇది పాన్‌కేకా, మన రాష్ట్రం పటమా?" అంది వరసలో ఒక ముసలమ్మ.

"రాష్ట్రమేనమ్మా. వెన్న రాస్తే ఏదైనా ఒకటే."

తొమ్మిది ఇరవైకి ఓటాకర్ వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి. అక్కవే కళ్ళు. మిలాడా ఎదురుగా ప్లేటు పెట్టుకుని కూర్చున్నాడు.

"సిరప్ చల్లారిపోయింది," అందామె. అది సంకేతం. 'నువ్వు తింటే వేడెక్కుతుంది' అని అతను జవాబివ్వాలి.

ఇవ్వలేదు. తలొంచుకుని నాలుగు ముక్కలు తిన్నాడు. "బయటికి రా అక్కా," అన్నాడు.

రాయిస్ అట్లకాడ అక్కడే పడేసి వంటగది వెనక తలుపు దగ్గరికి నడిచాడు. వాళ్ళ భాష అతనికి సరిపడా వచ్చు. ఇనుప జాలీలోంచి చూస్తే హాల్ వెనక ఓటాకర్ కారు ఇంజిన్ నడుస్తూనే ఉంది. మిలాడా వీపు ఇటు ఉంది. ఇటునుంచి కాలిస్తే ఆమెకే తగులుతుంది.

"ఎన్నాళ్ళనుంచి అమ్ముడుపోయావే?"

"నాలుగేళ్ళు."

"నిన్న చెప్పారు నాకు. నమ్మలేదు. ఇప్పుడు నీ ముఖం చూసి నమ్మాను. అమ్మకి తెలుసా?"

"అమ్మ పోయి ఆరునెలలైందిరా ఓటా."

ఓటాకర్ తల అడ్డంగా ఊపాడు.

"అబద్ధం. పోయిన నెల అమ్మ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది."

"అది వాళ్ళు రాసిందిరా. నాకూ వస్తున్నాయి. అమ్మకి చదువు రాదన్న సంగతి వాళ్ళకి తెలీదు, నువ్వు మర్చిపోయావు. ఫిల్ము నాకిచ్చెయ్. ఇంటికి పోదాం."

ఓటాకర్ ముఖం ఒక్క క్షణం ఏడేళ్ళ పిల్లాడిదైంది. తర్వాత మళ్ళీ ముప్పై ఏళ్ళవాడిదైంది. చెయ్యి కోటులోకి వెళ్ళి పిస్టల్‌తో బయటికి వచ్చింది.

"కళ్ళు మూసుకో అక్కా. నువ్వు చూస్తుంటే నా వల్ల కాదు."

మిలాడా కళ్ళు మూసుకోలేదు. కోటు జేబులోంచే రెండుసార్లు పేల్చింది. లోపలి గోలలో ఆ చప్పుడు హాల్లోవాళ్ళెవరికీ వినపడను కూడా లేదు. ఓటాకర్ కారు తలుపుకి ఆనుకుని మెల్లిగా కూర్చుండిపోయాడు. రాయిస్ పరిగెత్తుకొచ్చి పిస్టల్ దూరంగా తన్నాడు. ఓటాకర్ సిగరెట్ పెట్టె అడుగున ఫిల్ము దొరికింది. టైము తొమ్మిది నలభై. పదింటికి పొలాల్లోంచి ఎగరాల్సిన విమానం అక్కడే ఉండిపోయింది.

"ఏం కాదురా, ఏం కాదు," అంటోంది మిలాడా, తమ్ముడి తల ఒళ్ళో పెట్టుకుని. "ఇవి లోతుకి పోవు. అంబులెన్స్ ఇక్కడే ఉంది. కుట్లు వేస్తారు. చిన్నప్పుడు మోకాలికి వేశారే, అలాగే." తలెత్తి రాయిస్ వైపు చూసింది. "పిలవండి. ఎందుకు నిలబడిపోయారు?"

రాయిస్ పిలిచాడు. లోపల ప్లేట్లు పంచుతున్న అంబులెన్స్ వాళ్ళు ఏప్రన్లతోనే పరిగెత్తుకొచ్చారు. అందులో పెద్దాయన ఓటాకర్ మెడ దగ్గర వేళ్ళు పెట్టి, కాసేపు చూసి, మెల్లిగా తీసేశాడు. అప్పుడు కూడా ఆమె తమ్ముడి కోటు గుండీలు విప్పి గాయాలు వెతుకుతూనే ఉంది. కాసేపటికి ఆమె చేతులు ఆగిపోయాయి.

ఆమె రివాల్వర్ తీసి, సిలిండర్ తెరిచి, మిగిలిన మూడు తూటాలు రాయిస్ అరచేతిలో పోసింది.

"కాగితానికి కాల్చేవి అన్నావు."

"మీరు బతకాలని," అన్నాడు రాయిస్.

"అందుకేనా?"

డెన్నీ కోసం కాదా అని ఆమె అడగలేదు. ఆ ప్రశ్న రాయిస్ తనకి తనే వేసుకున్నాడు. మిలాడా తన తల మీంచి పడిపోయిన హ్యాట్ తీసుకుని, దులపకుండానే పెట్టుకుని, అంబులెన్స్ వెనకాల తమ్ముడి కాళ్ళ దగ్గర ఎక్కి కూర్చుంది. ఆ తర్వాత ఆమెని ఆఫీసువాళ్ళెవరూ మళ్ళీ చూడలేదు.

హేవర్‌క్యాంప్ స్వయంగా కరచాలనం చేశాడు. ఆటబొమ్మల గురించి తను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నానన్నాడు. సోమవారం ఆయుధాల శాఖనుంచి రాయిస్‌కి ఒక ఫారం వచ్చింది. అందులో ఆఖరి గడి: 'తూటా పనితీరు: సంతృప్తికరం / అసంతృప్తికరం. వర్తించనిది కొట్టివేయండి.' రాయిస్ దాని ముందు సాయంత్రందాకా కూర్చున్నాడు. చివరికి రెండూ కొట్టేసి సంతకం పెట్టాడు.

గురువారం ఆ ఫారం తిరిగి వచ్చింది. నింపడంలో ఏజెంటు తడబడ్డాడట, మళ్ళీ నింపమన్నారు.