లెక్క రాయని వ్యాసం

పొద్దున్నే వాకిలి ఊడ్చే చీపురు చప్పుడు మధ్యలో ఆగిందంటే ఇంట్లో ఏదో మొదలవబోతున్నట్టే. ఆ సంగతి సరళకు బాగా తెలుసు. కానీ ఆ రోజు తన పరేషాన్‌లో తనుంది. దరఖాస్తుకు సాయంత్రం అయిదింటితో గడువు అయిపోతుంది. బెంగళూరులో పెద్ద యూనివర్సిటీ. సీటు వస్తే చదువు, హాస్టల్, తిండి అన్నీ వాళ్లే చూసుకుంటారు. సీటు రాకపోతే చదువు ఇంటర్‌తో సరి. మిగిలినవి ఒక వ్యాసం, దాని కింద నాన్న సంతకం. రెండూ ఇవాళే కోదాడ నెట్ సెంటర్ నుంచి వెళ్లాలి.

"మీకు బాగా తెలిసిన మనిషి దగ్గరున్న ఒక విద్య గురించి రాయండి" అని అడిగారు. సరళ పది రోజులు తల గోక్కుని, చివరికి గొర్రెలు కాసే నాన్న మంగయ్య గురించే రాసింది. కాలేజీలో ఇంగ్లీషు చెప్పే ప్రత్యూష మేడం చదివి, "బాగుంది గానీ గాల్లో ఉందమ్మా. అంకెలు వెయ్యి, అప్పుడు నమ్ముతారు" అంది.

ఆ మాట పట్టుకుని సరళ చేయకూడని పని చేసింది. గొర్రెలు కాసే ఇళ్లలో మందను లెక్కపెట్టరు. ఎవరైనా అడిగితే "ఉన్నయి కొన్ని" అనేసి మాట మార్చేస్తారు. లెక్క పైకి చెబితే దిష్టి తగిలి జీవాలు తగ్గిపోతాయని భయం. సరళ నిన్న సాయంత్రం గోడ పక్కన నిలబడి, దొడ్డిలోకి వచ్చిన ఒక్కో గొర్రెకు ఒక్కో చింతగింజ గిన్నెలో వేసింది. అంకె తేలింది గానీ గిన్నె తీయడం మరిచిపోయింది.

"గీ చింతగింజలు గీడ ఎందుకున్నయే?" అమ్మ సత్తమ్మ చీపురు పక్కన పెట్టి గిన్నె ఎత్తి చూపించింది.

అబద్ధం చెప్పడం సరళకు చేతకాదు. నాలుగు ప్రశ్నల్లో అంతా బయటపెట్టేసింది. తలకు తువ్వాల చుట్టుకుంటున్న మంగయ్య చేతులు ఆగిపోయాయి.

"లెక్కపెట్టినవా?"

"వ్యాసానికి కావాల్నని మేడం చెప్పింది నాయినా."

"మేడంకు జీవాలున్నయా?"

"లేవు."

"పోయినేడు బేరగాడు అడిగితే నోరు జారి చెప్పిన. నెల తిరగకముందే రోగమొచ్చి సగం మంద పోయింది. గొర్రెపిల్లలను గంపల ఎత్తుకపోయి బొంద పెడ్తుంటే నువ్వు నా ఎంటనే ఉన్నవ్."

"లెక్కపెడితే రోగమొస్తదా నాయినా? టీకాలు ఎయ్యక వచ్చింది."

"సదువుకున్నదానివి, నీకు తెల్సు. నాకు మాత్రం గా బొందలే యాదికొస్తయి. గా కాయితం మీద నేను సంతకం పెట్ట." మంగయ్య గొంతు పెంచలేదు. అదే సరళను ఎక్కువ భయపెట్టింది.

సత్తమ్మ మధ్యలోకి వచ్చింది. "పిల్ల తప్పు చేసింది, కాదంటలేను. గంత మాత్రానికి దాని సదువు ఆపుతవా ఏందయ్యా?"

"నేనాపుతలేను. ఊరోళ్లకే చెప్పని ముచ్చట బెంగుళూరోళ్లకు చెప్తదట."

సరళకు కోపం ముంచుకొచ్చింది. "మరేం రాయాలె? లెక్క తీసేస్తే నీ విద్యల ఏం మిగులుతది? పొద్దుగాల తోలుకపోవుడు, పొద్దూకినంక తోలుకొచ్చుడు. గంతేనాయె."

అన్నాక ఆ మాటను వెనక్కి తీసుకోవాలనిపించింది. మంగయ్య ముఖం చిన్నబోయింది. వెళ్లి దొడ్డి తడిక తీశాడు.

"జర ఇటు రా."

గొర్రెలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ బయటికి వచ్చాయి. మంగయ్య దొడ్డి వైపు చూడను కూడా లేదు. బాట వైపు తిరిగి తువ్వాల కట్టుకుంటూ నిలబడ్డాడు. దుమ్ము సర్దుకున్నాక అడిగాడు.

"అన్నీ వచ్చినయా?"

"వచ్చినయి."

"నల్లచెవులది రాలే."

సరళ నమ్మలేదు. లోపలికి వెళ్లి చూస్తే చొప్పకట్టల వెనక, చేలల్లో మంద చుట్టూ కట్టే వల తాడులో కాలు ఇరుక్కుని నల్లచెవుల గొర్రె చప్పుడు లేకుండా పడుకుని ఉంది. తాడు విప్పుతూ సరళ కేకేసింది.

"నువ్వు సూడనే లేదు గద నాయినా. ఎట్ల తెల్సింది?"

"గా బొల్లిదాన్ని సూడు."

మంద అంతా ముందుకు పోతుంటే తెల్ల మచ్చలున్న గొర్రె ఒకటి రెండడుగులు వేసి ఆగుతోంది, తల తిప్పి దొడ్డి వైపు చూస్తోంది.

"అవి రెండూ కలిసే మేస్తయి. రానిదాన్ని నేనెట్ల సూస్త బిడ్డా? దాని జోడీని సూస్త. జోడీ ఆగి ఆగి ఎనకకు సూస్తది."

"అన్నిటికీ జోడీ ఉంటదా?"

"ఎందుకుండదు? తల్లి ఉంటది, పిల్ల ఉంటది, ఎంట తిరిగేది ఉంటది. ఏది దేనెంట నడుస్తదో తెల్సినంక ఇగ లెక్కెందుకు?"

సరళకు అప్పుడు అర్థమైంది. అంత మందలో ఏది దేని పక్కన నడుస్తుందో ఈయన మనసులో పెట్టుకున్నాడు. ఒకటి పుట్టినప్పుడల్లా, ఒకటి పోయినప్పుడల్లా ఆ జతలన్నీ మళ్లీ సరిచూసుకున్నాడు. పద్దెనిమిదేళ్లు ఒకే కంచంలో తిన్న కూతురికి ఆ సంగతి తెలియదు, ఒక్కరోజూ అడగలేదు. నాన్నను మొదటిసారి చూస్తున్నట్టు అలాగే చూస్తూ నిలబడిపోయింది.

వ్యాసం కాగితాలు, ఖాళీ నోటుబుక్కు తీసుకుని మంద వెంట నడిచింది. వరి కోసిన మడి గట్టు మీద కూర్చుని పాతదంతా కొట్టేసింది. తను అడిగింది, మంగయ్య చెప్పాడు. మధ్యాహ్నం సత్తమ్మ అన్నం తెచ్చేసరికి వ్యాసం పూర్తయింది. అందులో ఒక్క అంకె కూడా లేదు.

"ఇంగ్లీషులనే సదువు, వింట" అన్నాడు మంగయ్య.

అర్థం కాకపోయినా చివరిదాకా కదలకుండా విన్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"ఇందుల బొల్లిది ఏడుంది?"

సరళ వేలు పెట్టి చూపించింది. మంగయ్య అరచేయి పంచెకు తుడుచుకుని ఆ అక్షరాలను తాకాడు. "నేను ఎన్నడూ పోని ఊరికి ఇది పోతదన్నట్టు" అని, మోకాలి మీద కాగితం పెట్టుకుని ఒక్కో అక్షరం దిద్దుకుంటూ సంతకం పెట్టాడు.

"పొద్దుగాల గట్ల అన్నందుకు..." సరళ కాగితాలు మడుస్తూ మొదలుపెట్టింది.

"అన్నవులే, నేనూ అన్న. ఆటో వస్తున్నది, పో."

ఆటో కోదాడ వైపు కదిలింది. సరళ కాగితాలు గుండెకు అదుముకుని వెనక్కి తిరిగి చూసింది. మంద గట్టు దాటి ముందుకు వెళ్లిపోతోంది. దాని వెంట నడవాల్సిన నాన్న రెండడుగులు వేసి ఆగాడు, తల తిప్పి రోడ్డు వైపు చూశాడు. మళ్లీ రెండడుగులు వేసి, మళ్లీ ఆగాడు. సీటు వస్తుందో రాదో ఇంకా ఎవరికీ తెలియదు. సరళ మాత్రం ఆటోలో అంతమంది మధ్య కూర్చుని ఏడ్చేసింది.