ఉయ్యాల దూలం

నాకు దెయ్యాలంటే భయం లేదు. నా భయమల్లా మనుషుల నోళ్ళకే. ఆ భయమే ఇంత పని చేసింది.

నా పేరు పోతయ్య. మాది మంగినపూడి దగ్గర పల్లెపాలెం. ఒకప్పుడు చేపల వేటకి వెళ్ళేవాణ్ణి. నాలుగేళ్ళుగా సముద్రం వంక పోకుండా చెక్కలకి రంగులూ పాలిష్‌లూ వేసుకు బతుకుతున్నాను. ఈ మే నెలలో, వారం కింద, చల్లపల్లి నుంచి మాధవీలత గారు ఫోన్ చేశారు. స్కూల్లో లెక్కలు చెప్తారావిడ. దొడ్లో కూతురి కోసం చెక్కతో రెండు ఉయ్యాలలు, నిచ్చెన, జారుడుబల్ల కట్టించుకున్నారు. వానలు పడేలోపు స్టెయిన్, అదే చెక్కలోకి ఇంకే రంగు, వేయించకపోతే చెక్క పాడైపోతుందని ఆవిడ కంగారు.

"రేపటికి అయిపోవాలండీ పోతయ్య గారూ. సెలవులు కదా, పాప ఆగట్లేదు."

"చెక్క ఆరొద్దా అమ్మా? తడి మీద పూస్తే పొరలు పొరలుగా లేచొస్తుంది. తరవాత తిట్టేది నన్నే!"

మొదటిరోజు బ్రష్షుతో కడిగి, బోల్టులు బిగించి, రెండ్రోజులు ఎండకి వదిలేశాను. నాలుగో రోజు మధ్యాహ్నం ఉయ్యాలలు విప్పి గడ్డి మీద పెట్టి, పైనున్న అడ్డదూలానికి గరుకు కాయితం పట్టాను. పాత వార్నిష్ పోయేకొద్దీ కింద నుంచి చిన్న చేప బొమ్మ బయటపడింది. ఉలితో చెక్కిన చేప. కంటి దగ్గర రాగి మేకు.

చేతిలో కాయితం జారిపోయింది. ఆ చేపని చెక్కింది నా తమ్ముడు నాని. వాడికి పన్నెండేళ్ళప్పుడు, మా పడవ అడుగు దూలం మీద చెక్కాడు.

వాడు నాకంటే పదిహేనేళ్ళు చిన్న. నేనే ఎత్తుకుని పెంచాను. మా పడవని నీళ్ళలోకి తోయాలంటే ఇద్దరు కావాలి, చెరో పక్క. నాలుగేళ్ళ కింద ఓ రోజు ఏదో మాటకి అలిగి నేను వెళ్ళలేదు. వాడు ఎవరినో బతిమాలి తోయించుకుని ఒక్కడే వెళ్ళాడు. సాయంత్రానికి పడవ తిరిగొచ్చింది. వాడు రాలేదు.

మనిషి లేకుండా తిరిగొచ్చిన పడవని మావాళ్ళు ఒడ్డునే వదిలేస్తారు. పొయ్యిలోకి కూడా దాన్ని ముట్టుకోరు. దాన్ని వెతుక్కుంటూ పోయిన మనిషి వస్తాడంటారు. నేను మాత్రం రోజూ దాన్ని చూడలేక, విప్పేసి చల్లపల్లి కలప అడితికి తోలేశాను. ఊళ్ళో అడిగితే తుఫానుకి కొట్టుకుపోయిందన్నాను.

అప్పుడే ఆవిడకి చెప్పేసి ఉండాల్సింది. చెప్తే మాట మా ఊరు చేరుతుంది. సిగ్గేసింది. చేప కనపడకుండా స్టెయిన్ చిక్కగా పూశాను.

పట్టలేదు.

రంగు బొట్లు బొట్లుగా జారిపోయింది. గుడ్డతో తుడిచాను. గుడ్డ తడిసింది. ఇన్ని రోజులు మాడిపోయే ఎండలో ఉన్న చెక్క... వేలు నాలిక్కి తాకించుకున్నాను. ఉప్పు.

సాయంత్రం మబ్బు కమ్మింది. కరెంటు పోయింది. పక్కనే మల్లెపొద ఉంది, అయినా మల్లెల వాసన లేదు. సముద్రం వెనక్కి తీసినప్పుడు వచ్చే బురద వాసన. ఆకు కదలట్లేదు. పైన దూలం మూలిగింది.

కిర్రు... కిర్రు...

ఉయ్యాలలు గడ్డి మీదే ఉన్నాయి. దూలానికి ఏమీ వేలాడట్లేదు. అయినా ఎవరో ఊగుతున్నారు.

"తాతా..."

ఉలిక్కిపడ్డాను. కాలు తగిలి డబ్బా పడిపోయి, స్టెయిన్ పెరటి గడప దాకా పారింది. గడపలో నవ్యశ్రీ. ఆవిడ కూతురు, ఆరేళ్ళ పిల్ల.

"అన్నయ్యవి నువ్వేనా?" అంది గుసగుసగా.

"ఎవరికి అన్నయ్యని తల్లీ?"

"తడి మావయ్యకి. రోజూ అడుగుతాడు, అన్నయ్య వచ్చాడా అని. పడవ తోయాలంట. ఒక్కడివల్ల కాదంట." దూలం వంక చూసి ఇంకా గొంతు తగ్గించింది. "అన్నయ్య రాకపోతే నన్ను రమ్మన్నాడు."

పిల్లని లోపలికి పంపి తలుపు మూశాను. బోల్టులు ఊడదీసి దూలాన్ని దించాను. మాధవీలత గారు టార్చితో పరిగెత్తుకొచ్చారు.

"అదేంటండీ, పీకేస్తున్నారు?"

"చెద పట్టిందమ్మా. పాప మీద పడితే ప్రమాదం. కొత్తది వేస్తాను."

"పాప మీతో ఏమన్నా అందా? ఈ మధ్య దొడ్లో ఎవరితోనో మాట్లాడుతున్నట్టు..."

"పిల్లలు కదమ్మా," అన్నాను.

అంతే. ఇంకొక్క ముక్క చెప్పలేదు, పిరికి వెధవని! పాపని కనిపెట్టుకుని ఉండండమ్మా అన్నా సరిపోయేది.

ఆ రాత్రే ట్రాలీ ఆటోలో దూలాన్ని మా ఊరి ఒడ్డుకి తెచ్చి, నాలుగేళ్ళ కింద పడవ ఆగిన చోటే పడుకోబెట్టాను. "నానీ, నీది నీకిచ్చేశాను రా. ఆ పిల్లని వదిలెయ్యి నాన్నా," అని ఏడ్చాను. అలల్లో ఎవరో నిలబడ్డట్టే అనిపించింది. తోయడానికి మాత్రం నేను ఆగలేదు. వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికొచ్చేశాను.

తెల్లారి వెళ్ళి చూశాను. దూలం లేదు. ఇసకలో నీళ్ళ దాకా లోతుగా గాడి ఉంది, పడవని తోసుకెళ్ళినట్టు. గాడికి చెరో పక్క అడుగులు.

ఎడంపక్కవి మగమనిషివి. వాడెప్పుడూ ఎడంపక్కే పట్టేవాడు.

కుడిపక్కన... నేను ఉండాల్సిన చోట... జానెడు కూడా లేని పాదాలు. నీళ్ళలోకే వెళ్ళాయి. వెనక్కి రాలేదు. ఒక్కో అడుగులో గోధుమరంగు మరక. ముట్టుకుంటే వేలికి అంటింది. నా స్టెయినే. ఇంకా ఆరలేదు.

మాధవీలత గారికి ఫోన్ చేస్తున్నాను. మోగుతోంది... మోగుతోంది...

ఎత్తట్లేదు.