పరోటా మాస్టరు నడిచిన నడక

ఏవండోయ్, మిమ్మల్నే! సోఫాలో కాళ్ళు ముడుచుకుని, చేతికి ఆ నల్ల వాచీ పెట్టుకుని కథ చదువుతున్న మిమ్మల్నే. ఇందాక అది బుర్రుమని వణికి, లేచి నాలుగడుగులు వెయ్యమంది కదూ? మీరు లేవకుండా చెయ్యి గాల్లో పదిసార్లు ఊపి దాని నోరు మూయించారు కదూ? సిగ్గుపడకండి. మీకంటే నాలుగాకులు ఎక్కువ చదివినవాడు కువైట్‌లో ఒకడున్నాడు. చెయ్యి ఊపే ఓపిక కూడా లేక, ఆ పనికి ఇంకో మనిషినే పెట్టుకున్నాడు.

ఆయన పేరు వెంకటసత్యనారాయణ. ఊరు ముమ్మిడివరం, వయసు యాభై నాలుగు. పదేళ్ళుగా అబ్బాసియాలో ఒక మొబైల్ షాపులో సేల్స్‌మన్. ఒకప్పుడు చార్జర్లూ కవర్లూ అమ్మిన చేత్తోనే ఇప్పుడు స్మార్ట్ వాచీలు అమ్ముతున్నాడు. శుక్రవారం సెలవు దొరికిన ఇంటిపని ఆడవాళ్ళు ఊళ్ళో ఉన్న కొడుక్కని కొంటారు. డ్రైవర్లు చూడ్డానికి ఖరీదుగా కనిపించే చౌక రకం అడుగుతారు. కువైటీ కుర్రాళ్ళకి తాము వేసుకునే పొడుగు తెల్ల అంగీకి, అంటే దిష్‌దాషాకి, నప్పే తెల్ల పట్టా కావాలి. వాళ్ళ తండ్రులు మాత్రం డాక్టరు తిట్టిన మర్నాడు వచ్చి కొంటారు. ఎవరొచ్చినా సత్యనారాయణ నోట్లో మాట సిద్ధంగా ఉంటుంది.

ఆ ఫిబ్రవరి ఉదయం, ఇంట్లో భార్య సూర్యావతి కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో జాకెట్టుకి చేతులు కుడుతోంది. సత్యనారాయణ రెండో ప్లేటు ఉప్మాకి చెయ్యి చాపాడు. ఆ చేతినే పట్టుకుని కూతురు సత్యశ్రీ వాచీ బిగించింది.

"ఇదేంటే? మా షాపులోదే!"

"అవును. నా జీతంతో కొన్నాను. సిమ్ కూడా వేశాను, ఫోను పక్కన లేకపోయినా పనిచేస్తుంది. నీ లెక్కలన్నీ నా ఫోన్లో కనిపిస్తాయి, గుండె మరీ వేగంగా కొట్టుకుంటే నా ఫోనూ అమ్మ ఫోనూ మోగుతాయి. నీ ఫోన్లో యాప్ కూడా పెట్టేశాను. తొంభై రోజులు నాన్నా, రోజుకి ఎనిమిది వేల అడుగులు. ఆఖర్న మూణ్ణెల్ల షుగర్ టెస్టు. తొమ్మిదిన్నర నుంచి ఏడుకి దిగితేనే నేను వైజాగ్ వెళ్ళేది. దిగకపోతే ఈ ఏడూ సీటు వద్దంటాను."

"వాచీలమ్మేవాడితో వాచీ పందెమా? ఓడిపోతావే పిచ్చిదానా!"

"పందెం కాదండీ," అంది సూర్యావతి మిషను ఆపి. "పోయినేడు షాపులో మీరు కళ్ళు తిరిగి పడిపోయారు. అది మర్చిపోయారేటి? అప్పుడే కదా పిల్ల సీటు వదిలేసుకుంది."

ఆయన మర్చిపోలేదు. ఫిజియోథెరపీ చదవాల్సిన పిల్ల తన కోసం ఆగిపోయి, క్లినిక్‌లో రిసెప్షన్ దగ్గర చీటీలు రాస్తోంది. ఒక్కరోజు కూడా ఆ మాట ఎత్తలేదు. కానీ పాత సీటు కాగితాన్ని మడిచి, సివిల్ ఐడీ కార్డు వెనక ఇంకా దాచుకునే ఉంది. అది కంటపడిన రోజు సత్యనారాయణకు అన్నం దిగలేదు. ఎలాగైనా ఈసారి పిల్లని విమానం ఎక్కించాలి. ఎలాగైనా!

రెండు రోజులు నడిచాడు. మూడో రోజు మోకాళ్ళు మొరాయించాయి. టిఫిన్ హోటల్లో కూలబడి టీ తాగుతుంటే, ఎదురుగా పరోటా మాస్టరు మహమ్మద్ గౌస్ పిండిని గాల్లోకి విసిరి బల్ల మీద కొడుతున్నాడు. చెయ్యి లేవడం, పడడం, లేవడం, పడడం. సత్యనారాయణ కళ్ళు మెరిశాయి.

"గౌసూ, ఓసారి చెయ్యిటియ్యి!"

గౌస్‌ది రాయచోటి. ఇద్దరిదీ పదేళ్ళ స్నేహం, కాబట్టి అనుమానంగానే ఇచ్చాడు. సత్యనారాయణ తన వాచీ విప్పి ఆ చేతికి కట్టాడు. "ఏందన్నా ఇది? పిండి పడితే చెడిపోదా?"

"నీళ్ళలో ముంచినా ఏం కాదు. నువ్వు కొట్టు."

పది పరోటాలు కొట్టేసరికి వాచీ మీద నాలుగు వందల పన్నెండు అడుగులు పడ్డాయి.

"నేను ఈడ్నే నిలబడుండానే! యాడికి నడిచినట్టు?"

"ముమ్మిడివరం దాకా!" అని సత్యనారాయణ పడీ పడీ నవ్వాడు. "ఆయ్, ఇంక నువ్వు పరోటాలు కొడతా ఉండు, నేను ఆరోగ్యంగా ఉంటాను."

పొద్దున్నే వాచీ తెచ్చి గౌస్‌కి కట్టడం, రాత్రి తొమ్మిదికి వెళ్ళి విప్పుకోవడం. ఏర్పాటు అద్భుతంగా కుదిరింది. మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు చొక్కా చేతులు కిందికి దించుకుంటే సరిపోయేది. కానీ మొదటి రాత్రే సత్యశ్రీ ఫోను చూసి పెదవి విరిచింది. "నాలుగు వేలే నాన్నా. సగమే."

సత్యనారాయణకు అర్థం కాలేదు. వాచీ మీద చూస్తే పద్నాలుగు వేలుంది! మర్నాడు గౌస్ మీద విరుచుకుపడ్డాడు. "ఏటయ్యా, సరిగ్గా కొడతన్నావా లేదా?"

రెండు రోజులు గడిచాక గౌసే కొత్త మెలిక పెట్టాడు. "అన్నా, పొద్దున పదకొండుకి నా డ్యూటీ అయిపోతాది. అప్పుడొచ్చి వాచీ తీసకపో. రూములో ఆరుగురుండాం, పోతే నా పూచీ కాదు. సాయంత్రం అయిదుకి మళ్ళా తెచ్చి కట్టు. తొమ్మిదికి వచ్చి విప్పుకో."

"రోజుకి నాలుగుసార్లా? నాకు వేరే పనుండదా?"

"ఖలాస్, ఐతే వద్దు. వాచీ నువ్వే కట్టుకో, నువ్వే నడువు."

ఆ మాటకి సత్యనారాయణ దిగొచ్చాడు. ఇంటి నుంచి అయినా, షాపు నుంచి అయినా హోటలు పది నిమిషాల దూరం. కారు తీద్దామంటే, అబ్బాసియాలో ఒక్కసారి కారు కదిల్చినవాడికి మళ్ళీ ఆ చోటు దొరికినట్టు చరిత్రలో లేదు. మూడు రోజులు కాపు కాసి సంపాదించిన పార్కింగు అది. అందుకని కాళ్ళీడ్చుకుంటూ, గౌస్‌ని తిట్టుకుంటూ, రోజుకి నాలుగుసార్లు వెళ్ళొచ్చేవాడు. విచిత్రంగా అప్పటినుంచి సత్యశ్రీ రోజూ రాత్రి "ఎనిమిది వేల రెండొందలు! శభాష్ నాన్నా!" అనడం మొదలుపెట్టింది.

వాచీ మీద పద్నాలుగు, పిల్ల ఫోన్లో ఎనిమిది. సత్యనారాయణ దీని గురించి బుర్ర పాడుచేసుకోలేదు. ఇలాంటి సందేహంతో షాపుకి వచ్చిన ప్రతివాడికీ తను చెప్పే జవాబే తనకీ చెప్పుకున్నాడు. "కొంచెం ఎక్కువ తక్కువ అవుద్ది. కంపెనీవాళ్ళే చెప్పారు!"

ఎనభై తొమ్మిదో రోజు వచ్చింది. ముందురోజే క్లినిక్‌లో రక్తం ఇచ్చి వచ్చాడు. రిపోర్టు తలుచుకుంటే మాత్రం లోపల కాస్త గుబులుగా ఉంది. వాచీకైతే గౌస్ దొరికాడు గానీ, రక్తానికి ఎవరు దొరుకుతారు?

సాయంత్రం షాపులో సంజీవమ్మ అనే కడప ఆమె కొడుక్కి వాచీ చూస్తోంది. "ఫోన్లో కూడా అడుగులు లెక్కబెడతాదంట గదన్నా, మళ్ళా వాచీ దేనికి?" అంది.

"ఫోను లెక్క నమ్ముతావా అమ్మా?" సత్యనారాయణ కుర్చీలో వెనక్కి వాలి మిరపకాయ బజ్జీ కొరికాడు. "జేబులో పడుకున్నదానికి కాళ్ళ సంగతేం తెలుస్తాది?"

అప్పుడే షాపు తలుపు దడాలున తెరుచుకుంది. సూర్యావతి! ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి కూతురి చెప్పు. మెడలో ఇంకా కొలత టేపు వేలాడుతోంది. చేతిలో ఫోను ఎర్రగా మెరుస్తూ మోగుతోంది. అందులో సత్యనారాయణ గుండె నిమిషానికి నూట యాభై ఎనిమిది సార్లు కొట్టుకుంటోంది.

ఆమె మొగుణ్ణి చూసింది. బజ్జీని చూసింది. ఖాళీగా ఉన్న మణికట్టును చూసింది.

"మీ గుండె ఇక్కడ బజ్జీలు తింటంటే, ఇందులో కొట్టుకుంటన్న గుండెవరిదండీ?"

జవాబు చెప్పడానికి సత్యనారాయణకు నోట్లో బజ్జీ అడ్డం పడింది. ఆ సమయానికి గౌస్, ఎవరి పెళ్ళిరోజు విందుకో నాలుగు వందల పరోటాల ఆర్డరు మీద ఉన్నాడు.

సూర్యావతి ఆయన్ని చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కొచ్చింది. తలుపు మూశాక అందుకుంది.

"దారి పొడుగునా దేవుళ్ళందరికీ మొక్కుకుంటా పరిగెత్తుకొచ్చానండీ! పదిసార్లు ఫోన్ చేత్తే ఎత్తరు, ఎప్పుడూ సైలెంట్లోనే పెడతారు. పోయినేడులాగే పడిపోయారనుకున్నాను. అందరితో ఆడినట్టే మా ప్రాణాలతో కూడా ఆటలేనా?"

"అది కాదే సూర్యా..."

"మాటాడకండి! రోజూ పిల్ల ఆ లెక్క చూసి ఎంత మురిసిపోయేది! పిల్ల వైజాగ్ ఎల్లదు. ఎవర్ని నమ్మి పంపాలండీ? మిమ్మల్నా?"

ఆమె కొలత టేపు తీసి మిషను మీదికి విసిరి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఇరవై ఏడేళ్ళ కాపురంలో ఎన్నో వేళాకోళాలు చేశాడు సత్యనారాయణ. ప్రతిసారీ తిట్టి, తర్వాత నవ్వేసేది. ఈసారి నవ్వలేదు. ఆమె పాదాలకి ఇంకా ఆ వేరు వేరు చెప్పులే ఉన్నాయి. ఆయన వెళ్ళి ఆ పాదాల దగ్గరే నేల మీద కూర్చున్నాడు.

"తప్పయిపోయింది. నడవలేకపోయానే. నడవకపోతే పిల్ల ఆగిపోద్ది. ఆ సీటు కాగితం దాని కార్డు వెనకాల చూశాను. నా వల్ల ఒకసారి ఆగింది చాలు, అబద్ధమాడైనా పంపించేద్దామనుకున్నా. నువ్వు ఇలా పరిగెత్తుకొత్తావని ఆలోచన రాలేదు." ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "అడుగులు లెక్కేసుకున్నానే గానీ, మీ భయం లెక్కేసుకోలేదు."

సూర్యావతి కొంగు దించి చూసింది. ఆయన కళ్ళలో నీళ్ళు చూడడం ఆమెకు అదే మొదటిసారి.

అంతలో తలుపు తెరుచుకుని సత్యశ్రీ వచ్చింది. వెనకే, చేతిలో పరోటాల పొట్లంతో, మణికట్టుకి సత్యనారాయణ వాచీతో గౌస్. "వదినా, నా గుండెకేం కాలా. నాలుగు వందల పరోటాలు కొడితే యవనికైనా అట్నే కొట్టుకుంటాది," అన్నాడు తలుపు దగ్గరే నిలబడి.

"అంతా తెలిసిపోయిందే," అన్నాడు సత్యనారాయణ కూతురి వైపు చూడలేక. "నేను నడవలేదు. నువ్వేమన్నా పడతాను. చదువు మాత్రం మానకు."

సత్యశ్రీ బ్యాగులోంచి క్లినిక్ రిపోర్టు తీసి తల్లి చేతిలో పెట్టింది. సూర్యావతి రెండుసార్లు చదివింది.

"ఆరు పాయింట్ తొమ్మిది!" ఆమె అనుమానంగా తలెత్తింది. "ఏవండీ, రక్తం కూడా గౌస్ గారిదే ఇప్పించేరా?"

"ఒట్టు! నా చేతికే గుచ్చారు, ఇదిగో చూడు!" సత్యనారాయణ చొక్కా చెయ్యి పైకెగలాగి సూది గుర్తు చూపించాడు. తర్వాత రిపోర్టు లాక్కుని తనూ చదివాడు. "మాత్రలు పాతవే. ఉప్మా తగ్గించలేదు. ఇదెలాగ? పరోటాలు గౌస్ కొడితే నాకు షుగర్ తగ్గుద్దా?"

గౌస్ ఇంక ఆపుకోలేక నవ్వేశాడు. సత్యశ్రీ తండ్రి పక్కనే నేల మీద చతికిలబడింది.

"నాలుగో రోజే తెలుసు నాన్నా. వాచీ ఎక్కడుందో మ్యాపులో చూస్తే పొద్దున్నుంచీ హోటల్ వంటగదిలోనే ఉంది. వెళ్ళి చూస్తే గౌస్ మామయ్య చేతికుంది. నీకు చెప్తే అలిగి అసలే మానేస్తావు. పోనీ, వాచీ ఇవ్వడానికీ తీసుకోడానికీ వెళ్తున్నావు కదా, అదైనా నడకే కదా అనిపించింది. రెండుసార్లు వెళ్ళొస్తే నాలుగు వేలే అయ్యేవి. అందుకని మామయ్యకి చెప్పి నాలుగుసార్లు తిప్పించాను. అమ్మకి చెప్తే మొహంలో దాచుకోలేదని చెప్పలేదు. ఈ గుండె సంగతి మాత్రం నేనూ ఊహించలేదు, నా ఫోను మోగగానే హోటలుకే పరిగెత్తాను. సారీ అమ్మా."

"రూములో ఆరుగురుంటే ఏందన్నా," అన్నాడు గౌస్ వాచీ విప్పి ఇస్తూ, "అందరూ నా తమ్ముళ్ళే. యవడూ ముట్టడు."

సూర్యావతి ఏడుపు మధ్యలోనే నవ్వేసింది. కళ్ళు తుడుచుకుని కూతురి తల మీద చెయ్యి వేసింది. "ఎల్లవే తల్లీ, బాగా చదువుకో. ఈయన్ని నేను నడిపిత్తాను. ఈసారి వాచీ నా కొంగుకి కట్టుకుని."

సత్యనారాయణ మాత్రం ఇంకా నోరు తెరుచుకుని లెక్క వేసుకుంటూనే ఉన్నాడు. పోనూ వెయ్యి, రానూ వెయ్యి. అలా నాలుగుసార్లు. ఎనిమిది వేలు!

"ఆగాగు. వాచీ గౌస్ చేతికుంటే, నా అడుగులు నీకెలా తెలిశాయే?"

సత్యశ్రీ ఆయన చొక్కా జేబులోంచి ఫోను తీసి, యాప్ తెరిచి కళ్ళ ముందు పెట్టింది. నిన్నటి లెక్క, ఎనిమిది వేల నూట నలభై. "రోజూ రాత్రి నేను చదివి శభాష్ అన్నది వాచీ లెక్క కాదు. ఇది."

"వాచీలో పద్నాలుగు, నువ్వు చదివేది ఎనిమిది. మరి నాకు అనుమానం రాకుండా ఎలా పోయిందే?"

సత్యశ్రీ షాపులో ఆయన పెట్టే మొహమే పెట్టి, ఆయన గొంతుతోనే అంది.

"కొంచెం ఎక్కువ తక్కువ అవుద్ది సార్. కంపెనీవాళ్ళే చెప్పారు!"