కుడివైపు గాలికే దిగే మనిషి

పొయ్యి మీద గుడ్డు మాడుతున్నా వెర్నాకు పట్టలేదు. ఫ్లయింగ్ లాగ్‌బుక్కు తెచ్చి కూతురి కాఫీకప్పు పక్కన ఠపీమని పడేసింది.

"సంతకం పెట్టు."

"ఎగిరి, దిగి చూపించందే పెట్టను," అంది కారిన్. పైలట్లకి పరీక్ష పెట్టి సంతకం చెయ్యడం ఆమె ఉద్యోగం.

"నీ కింద దిండేసి కూర్చోబెట్టి విమానం నడపడం నేర్పినదాన్ని. నాకే పరీక్షా?"

"రెండేళ్ళకోసారి అందరికీ పరీక్షే. అసలే శనివారం నా కూతుర్ని ఎక్కించుకుంటానంటున్నావు."

"అది నా మనవరాలు కూడా. గుర్తుపెట్టుకో."

ట్రక్కులో పొలాల మధ్యనున్న రన్‌వేకి చేరారు. వాయవ్యం నుంచి గాలి ఈడ్చి కొడుతోంది. పక్కగాలిలో దిగడం సాధన చెయ్యాలంటే కాన్సాస్‌లో ఇంతకన్నా మంచి రోజు దొరకదు. రెండు సీట్ల విమానం. ఇద్దరి చేతికీ రెక్కలు వంచే స్టిక్, ఇద్దరి కాళ్ళ దగ్గరా ముక్కు పక్కకి తిప్పే పెడల్స్.

బుద్ధున్నవాడెవడైనా ఆ గాలికి ఎదురుగా, ఉత్తరానికి తిరిగి దిగుతాడు. విమానం లేపి చుట్టు తిరిగొచ్చిన వెర్నా మాత్రం దక్షిణానికి తిరిగింది.

"గాలి వెనకేసుకుని దిగుతావా? పిచ్చా నీకు?"

"నోర్మూసుకుని చూడు."

కుడి రెక్క వంచి, ఎడమ కాలు తొక్కి, ముందు కుడి చక్రం ఆనించి ఎంత ముచ్చటగా దించిందో! కాకపోతే ఆగేసరికి రన్‌వే దాదాపు అయిపోయింది. ఏడాదిగా ఈవిడది ఇదే వరస. గాలి తన కుడివైపు ఉండేలా చూసుకునే దిగుతుంది. మొండితనం అనుకుని అందరూ నవ్వుకునేవారు. కారిన్ కూడా నవ్వింది.

"ఇప్పుడు ఉత్తరానికి దిగు."

"అక్కర్లేదు."

"అయితే సంతకమూ లేదు."

పళ్ళు కొరుక్కుంటూ మళ్ళీ లేపింది వెర్నా. ఈసారి గాలి ఎడమనుంచి. ఎడమ రెక్క వంచింది గానీ విమానం ముక్కు రన్‌వేకి సూటిగా రాలేదు.

"కుడి కాలు తొక్కమ్మా!"

"తొక్కుతూనే ఉన్నానే!"

కారిన్ కిందికి చూసింది. తల్లి కుడి పాదం పెడల్ పక్కన, నేల మీద ఉంది.

కారిన్ స్టిక్ లాక్కుని, ఇంజను హోరెత్తించి విమానాన్ని పైకి లేపేసింది.

"ఎన్నాళ్ళుగా?"

"...కాస్త తిమ్మిరి. కిందటి చలికాలం నుంచి. గాలి కుడివైపుంటే ఎడమ కాలితోనే దించగలను కదా!"

"గాలి నీ మాట వింటుందా? పసిదాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఈ పని చేద్దామనుకున్నావా? సిగ్గులేదూ?"

"నన్ను దింపెయ్యాలని ఎప్పట్నుంచో కాచుక్కూర్చున్నావు. ఇవాళ తీరింది కదా నీ కసి!"

"సంతకం పెట్టను. ఇవాళే కాదు, ఇంకెప్పుడూ పెట్టను."

కారిన్ పొలాల మీదుగా విమానాన్ని ఒక చుట్టు తిప్పింది. మళ్ళీ రన్‌వేకి ఎదురుగా తెచ్చింది.

"స్టిక్ నువ్వే పట్టుకో," అంది చివరికి. "కాళ్ళు నావి."

వెర్నా కాదనలేదు. కానీ నోరు ఊరుకుంటేనా! "తొక్కు... ఇంకా తొక్కు... అప్పుడే వదిలేస్తావేం? ఎవరు నేర్పారే నీకు?"

"నువ్వే!"

ఎడమ చక్రం నేల తాకింది. తర్వాత కుడిది.

ఇంజను ఆగింది. అప్పుడు వంగి, తన కుడి పాదాన్ని కొత్తగా చూసినట్టు చూసింది వెర్నా.

"నేను నిజంగానే తొక్కాననుకున్నానే," అంది చిన్నగా. "శనివారం అది నా పక్కన కూర్చునుంటే... అప్పుడూ తొక్కుతున్నాననే అనుకునేదాన్ని."

ఆ ముసలి మొహం ఒక్కసారిగా ఏడుపుతో ముడుచుకుపోయింది. కారిన్ బెల్టు విప్పుకుని తల్లిని రెండు చేతులా దగ్గరికి లాక్కుంది.