ఖాళీ బండిలో ఊపిరి

సిడ్సెల్‌కి అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే: పాప ఊపిరి ఆగిపోతే తనకు తెలియకపోవడం.

అక్కడి పసిపిల్లలందరికీ అలవాటైనట్టే, ఆ ఉదయం కూడా పాప ఆస్తా పెరట్లో, చలిగాలిలో, తన పిల్లల తోపుడుబండిలో పడుకుంది. బండికి భర్త ట్రోయెల్స్ చేసిన పరికరం తగిలించి ఉంది. పాప ఊపిరి వినిపిస్తున్నంతసేపే పచ్చదీపం వెలిగించడం దాని పని. యూనివర్సిటీలో సిగ్నల్ ప్రాసెసింగ్ చదువుకి అదే అతని ఆఖరి ప్రాజెక్టు. ఆ రోజే పరీక్ష.

పాలివ్వడానికి సిడ్సెల్ పాపను ఎత్తుకుంది. బండి ఖాళీ అయినా దీపం వెలుగుతూనే ఉంది.

పక్కింటిని వెచ్చబరిచే హీట్ పంపు సన్నగా కూస్తోంది. పరికరం ఆ కూతనే ఊపిరనుకుంటోందని ఆమెకు అర్థమైపోయింది. శబ్దాన్ని సెకనుకు ఇన్ని ముక్కలని కొలుస్తారు. ముక్కలు తగ్గించే ముందు సన్నటి కూతల్ని వడగట్టకపోతే, అవి మడతపడి నెమ్మదైన ఊపిరిలా నటిస్తాయి. కడుపుతో ఉండి చదువు మానకముందు, ట్రోయెల్స్ పక్కనే కూర్చుని నేర్చుకున్న పాఠమే.

పోయిన వారం అడిగింది కూడా. "ముందు వడగట్టావా?"

"మధ్యలో మానేసినదానివి, నాకు పాఠాలా? పాలు పొంగుతున్నాయి, చూసుకో!" అన్నాడు. అత్త ఇంగర్ పకపకా నవ్వింది.

'బోల్తా పడనీ. పరీక్షలో అందరి ముందూ పడనీ,' అనుకుంటూ సిడ్సెల్ ఇప్పుడు పాపను లోపల పడుకోబెట్టి, అతని చొక్కా శ్రద్ధగా ఇస్త్రీ చేసింది.

కొడుకు పాసయ్యాక ఊపడానికి ఇంగర్ చిన్న జెండాలు సర్దుతోంది. "నువ్వూ రావే, చప్పట్లకైనా పనికొస్తావు."

"వస్తాను. ఈ వేడుక చూడకుండా ఉంటానా?"

ట్రోయెల్స్ కాఫీ తాగుతూ అన్నాడు, "అన్నట్టు, ఇలాంటి పరికరమే ఇంకోటి చేసి నిన్న హెల్లే అక్కకిచ్చాను. పసివాణ్ణి బయట పడుకోబెట్టి, తనూ హాయిగా ఓ కునుకు తీస్తోందట."

సిడ్సెల్ ఇస్త్రీపెట్టె వదిలేసి, అతని చెయ్యి పట్టి పెరట్లోకి లాక్కెళ్లింది.

"చూడు! బండి ఖాళీ, దీపం వెలుగుతోంది. ఇది ఎవరి ఊపిరి?"

అతని ముఖం పాలిపోయింది. "తెలిసీ ఊరుకున్నావా?"

"ఊరుకున్నాను. నీ పరువు పోవాలని. ఇప్పటికీ నాకు జాలి లేదు. ముందు అక్కకి ఫోన్ చెయ్యి!"

ఫోన్ మోగుతూనే ఉంది. వెనకే వచ్చిన ఇంగర్ చేతిలోని జెండాలు నేల రాలాయి. చివరికి హెల్లే నిద్రమత్తులో పలికింది. పరుగున వెళ్లి చూసింది. పసివాడు బొటనవేలు చీకుతున్నాడట.

ట్రోయెల్స్ మెట్టు మీద కూలబడి ఏడ్చేశాడు. "తప్పు నాదని పరీక్షలో చెప్తాను. పట్టుకున్నది నువ్వని కూడా."

"చెప్పు. ముందు వరసలో కూర్చుని వింటాను," అంది సిడ్సెల్. 'నేను నోరు మూసుకున్న ఆ గంటలో అక్కడ ఏమైపోయి ఉండేదో!' అనుకుంది.

మీ పసిబిడ్డ ఇప్పుడు మరో గదిలో నిద్రపోతోందా? చదవడం ఇక్కడితో ఆపి, ఒక్కసారి వెళ్లి చూసి రండి.