ఏడో గోదాము కాపలా

చీకటి పడ్డాక ఏడో మందుగుండు గోదాము వైపు కుక్క కూడా పోదని ఆ ఊళ్లో చెప్పుకునేవారు. అందులో మందుగుండు లేదు. బల్గేరియా సైన్యం ఎప్పుడో ఖాళీ చేసి వెళ్లిపోయింది. అయినా మంచు పడే రాత్రుల్లో అక్కడ ఒక గొంతు...

"ఆగు! ఎవరది?"

చలికాలంలో తేనెపెట్టెలు లోపల పెట్టుకోడానికి ఆ స్థలాన్ని ప్రభుత్వం తేనెటీగలు పెంచేవాళ్ల సంఘానికి పదేళ్ల కౌలుకిచ్చింది. 'ఇక్కడ సైన్యానిదంటూ ఏదీ మిగల్లేదు' అని అప్పగింత కాగితం మీద సంతకం పెట్టినవాడు సార్జెంటు జెల్యాజ్కో.

సంఘం పెద్ద త్స్వెతానా ఆ సాయంత్రం అతన్ని గేటు దగ్గర నిలదీసింది.

"ఏమీ మిగల్లేదన్నారు కదా సార్జెంటుగారూ! మరి మా ఆడవాళ్లను ఆపుతున్నదెవరు, మీ తాతా?"

"గాలి అయ్యుంటుందమ్మా."

"గాలికి మాటలొచ్చా? ఈ రాత్రితో ఆ గొంతు పోకపోతే కౌలు వదిలేస్తాం. మా ఈగలు ఈ చలికి బయటే చస్తాయి. ఆ పాపం మీదే."

గాలి కాదని జెల్యాజ్కోకు తెలుసు. పదకొండేళ్ల కిందట అక్కడ కాపలా నాయకుడు అతనే. ఇల్కో అనే సిపాయిని ఏడో గోదాము దగ్గర నిలబెట్టాడు. రెండు గంటలయ్యాక మరొకణ్ణి తీసుకెళ్లి మార్చాలి. కానీ జెల్యాజ్కో రకియా సారా తాగి పొయ్యి పక్కన నిద్రపోయాడు. బదులు మనిషి రానిదే కాపలావాడు కదలకూడదు. ఇల్కో కదల్లేదు. తెల్లారేసరికి నిలబడ్డచోటే గడ్డకట్టి ఉన్నాడు.

'వేళకే మార్చాను, వాడే మళ్లీ అక్కడికి పోయాడు' అని జెల్యాజ్కో కాపలా పుస్తకంలో రాశాడు. నిద్ర ఒక తప్పు. ఆ రాత అంతకన్నా పెద్ద తప్పు.

టార్చి పట్టుకుని ఒక్కడే నడిచాడు. బూట్ల కింద మంచు కరకరలాడింది...

"ఆగు! ఎవరది?"

"కాపలా... నాయకుణ్ణి."

"ఆలస్యమైంది, సార్."

"నిద్రపోయానురా ఇల్కో... అబద్ధం రాశాను. రేపే అందరి ముందూ చెబుతాను. ఇక పో నాయనా. నీ కాపలా అయిపోయింది."

తర్వాత అడుగుల చప్పుడు — గేటు వైపు, నెమ్మదిగా... దూరంగా... ఆగిపోయింది.

జెల్యాజ్కో గుండె తేలికపడింది. వెనక్కి తిరగబోయాడు.

కాలు కదల్లేదు.

అప్పుడు గుర్తొచ్చింది — కాపలా మార్చడానికి వచ్చేవాడు బదులు మనిషిని వెంట తేవాలి. తను ఒక్కడే వచ్చాడు.

గేటు దగ్గర దీపం వెలిగింది. త్స్వెతానా ఇటే వస్తోంది.

"సార్జెంటుగారూ, పోయిందా?"

'పోయిందమ్మా, మీరు రావద్దు' అనబోయాడు. నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"ఆగు! ఎవరది?"