దీపం దగ్గర ఇద్దరు

"ఏవండీ, బూట్లు విప్పేశారేంటి? ఇది మ్యూజియం, పూజగది కాదు."

స్పందన ఉలిక్కిపడి కిందికి చూసుకుంది. నిజమే! బూట్లు బెంచీ కింద, తనేమో సాక్సులతో.

తప్పంతా ఎదురుగా ఉన్న పెయింటింగ్‌ది. నూటపాతికేళ్ళ కిందట ఎవరో ఫ్రెంచాయన వేసింది. ఇరుకు గది, బల్ల మీద దీపం, బట్టలు కుట్టుకుంటున్న ఆవిడ, పక్కనే పేపరు చదువుకుంటున్న ఆయన. చూస్తూంటే ఎవరింటికో వచ్చినట్టే అనిపించింది. ఇంట్లోకి బూట్లతో ఎలా వెళ్తాం?

"నేను తెలుగని మీకెలా తెలుసు?"

"ఇందాక ఫోన్‌లో 'అన్నం తిన్నానమ్మా' అని అబద్ధం చెప్పారుగా."

"అబద్ధమని ఎవరన్నారు?"

"మీ కడుపే. ఇక్కడిదాకా వినిపించింది."

అతని పేరు దేవ్. డెట్రాయిట్‌లో కార్ల ఇంజనీరు, ఒట్టి వాగుడుకాయ. ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం అదే బెంచీ, అదే పోట్లాట.

"వాళ్ళిద్దరూ అలిగారు. మొహాలు చూడు," అనేవాడు.

"కాదు. మాట్లాడక్కర్లేనంత దగ్గరివాళ్ళు."

"మాట్లాడుకోకపోతే ఇద్దరెందుకు? గోడ చాలదూ?"

గోడల సంగతి అతనికేం తెలుసు! డెట్రాయిట్ పక్కనే ఉన్న ఫార్మింగ్టన్ హిల్స్‌లో స్పందన అపార్ట్‌మెంట్ నిండా గోడలే. వర్క్ ఫ్రమ్ హోమ్. లాప్‌టాప్ మూసేస్తే ఫ్రిజ్ చప్పుడు తప్ప ఇంకేం ఉండదు.

మంచు కురుస్తున్న ఒక ఆదివారం దేవ్ అన్నాడు: "వేరే రాష్ట్రంలో, క్యారీ అనే ఊళ్ళో జాబ్ ఆఫర్ వచ్చింది. రేపు ఆన్సర్ చెప్పాలి."

"కంగ్రాట్స్!" అని నవ్వి, పని ఉందంటూ లేచి వచ్చేసింది పిచ్చిది. వెళ్ళొద్దనడానికి తనెవరు?

కార్‌లో కూర్చుందే గానీ స్టార్ట్ చెయ్యలేకపోయింది. ఆ ఇంటికి వెళ్ళాలంటే భయమేసింది. కళ్ళు తుడుచుకుని గబగబా వెనక్కి నడిచింది.

దేవ్ ఇంకా బెంచీ మీదే ఉన్నాడు.

"కంగ్రాట్స్ అన్నది అబద్ధం," అంది రొప్పుతూ. "నువ్వెళ్ళిపోతే నాకు ఏడుపొస్తుంది. రోజూ ఫోన్ చేస్తాననకు. ఫోన్‌కి మా అమ్మ ఉంది. నాకు పక్కన ఊరికే కూర్చునే మనిషి కావాలి."

దేవ్ కాస్త జరిగి చోటిచ్చాడు. ఒక్క మాటా లేదు. స్పందన కూర్చుంది.

"ఏదో ఒకటి చెప్పవేం?"

"ఊరికే కూర్చోవడం ప్రాక్టీస్ చేస్తున్నా. క్యారీ వాళ్ళకి రేపు సారీ చెప్పేస్తాను."

ఆమె అతని భుజానికి తల ఆనించింది. మ్యూజియం మూసేదాకా ఆ వాగుడుకాయ మళ్ళీ నోరు విప్పితే ఒట్టు.